నెరిసిన తలకు సంఘంలో చోటేది?

శనివారం సాయంత్రం మన విశ్వాసుల ఇళ్లలో జరిగే పనుల్లో తలకు రంగు వేసుకోవడం ఒకటి. మరునాటి ఆరాధనకు బట్టలు ఇస్త్రీ చేసుకున్నట్టే, చిన్న గిన్నెలో రంగు కలుపుకొని, పాత తువ్వాలు భుజాల మీద కప్పుకొని అరగంట కూర్చోవడం చాలామందికి అలవాటైపోయింది. ఇందులో స్త్రీలు, పురుషులు అనే తేడా లేదు. కాపరులకు, సంఘ పెద్దలకు మినహాయింపూ లేదు. అయినా విశ్వాసి తలకు రంగు వేసుకోవచ్చా అనే ప్రశ్న మన సంఘాల్లో నలుగుతూనే ఉంది. విచిత్రమేమిటంటే, ప్రసంగ వేదిక మీది నుంచి వచ్చే జవాబు ఎక్కువగా స్త్రీలకే తగులుతుంది. మీసానికి రంగు పూసుకొని ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి జోలికి ఎవరూ వెళ్లరు. భర్తను పోగొట్టుకున్న సోదరి రంగు వేసుకుంటే మాత్రం, ఈ వయసులో ఇదంతా ఎవరి కోసమని గుసగుసలు మొదలవుతాయి.

రంగు వద్దనేవారు మొదట చూపించేది మత్తయి 5:36. ఒక్క వెంట్రుకనైనా తెల్లగా గాని నల్లగా గాని చేయడం మనిషి వల్ల కాదని ప్రభువు అక్కడ చెప్పాడు. కానీ ఆ మాట వచ్చిన సందర్భం చూడాలి. యేసు అక్కడ మాట్లాడుతున్నది ఒట్టు పెట్టుకోవడం గురించి. నీ తల మీద నీకే అధికారం లేనప్పుడు దాని మీద ఒట్టెలా వేస్తావన్నది ఆయన ప్రశ్న. ఇప్పుడు నల్లగా చేసే మందు వచ్చింది కదా, ప్రభువు మాట తప్పిందా అని ఎవరైనా అడగవచ్చు. తప్పలేదు. రంగు బయటికి వచ్చిన వెంట్రుకకే అంటుతుంది, లోపలి కుదురును మార్చదు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అందుకే నాలుగు వారాలు తిరిగేసరికి పాపిట దగ్గర తెల్లగీత మళ్లీ కనబడుతుంది. మనం ఎన్నిసార్లు పూసినా కుదురు ఆయన మాటే వింటుంది.

ఇక రెండోది 1 పేతురు 3:3. జడలు, బంగారు నగలు, వస్త్రాలు మన అసలు అలంకారం కాకూడదని అపొస్తలుడు రాశాడు. దీన్ని పూర్తి నిషేధంగా తీసుకుంటే బట్టలు కట్టుకోవడం కూడా తప్పవుతుంది. పేతురు భావం అది కాదు. సాధుత్వమూ మృదుత్వమూ గల అంతరంగం ముందుండాలి, మిగిలినవి దాని వెనుక ఉండాలి అన్నదే ఆయన బోధ. అది స్త్రీలకెంత వర్తిస్తుందో పురుషులకూ అంతే వర్తిస్తుంది.

తలకు రంగు మన తరంతో మొదలైన వేషమేమీ కాదు. పరమగీతము 1:14లో మన తెలుగు బైబిల్ కర్పూరమని అనువదించిన హెబ్రీ మాటకు గోరింట అని అర్థం చెబుతారు పండితులు. ఏన్గెదీ తోటల్లో గోరింట పూసేది. ఐగుప్తీయులు దాన్ని జుట్టుకూ గోళ్లకూ పెట్టుకునేవారు. ప్రభువు పుట్టిన కాలంలో యూదయను ఏలిన హేరోదు సంగతి మరీ ఆలోచింపజేసేది. ముసలితనం దాచుకోవడానికి తన తండ్రి తలకు రంగు వేసుకుంటున్నాడని అతని కొడుకు అలెగ్జాండర్ ఎగతాళి చేసినట్టు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. చివరికి ఆ కొడుకునూ, ఇంకో కొడుకు అరిస్టోబులస్‌నూ హేరోదు చంపించాడు. బేత్లెహేము పసివారిని చంపించినదీ అతడే (మత్తయి 2:16). అతని తల నల్లబడింది గానీ, సింహాసనం ఎవరు లాక్కుంటారో అన్న భయం మాత్రం పోలేదు.

ఆదిమ సంఘంలోనూ ఈ విషయంపై గట్టి మాటలే వినిపించాయి. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజి నగరానికి చెందిన తెర్తుల్లియన్, కుంకుమపువ్వుతో జుట్టుకు రంగు వేసుకునే స్త్రీలను తీవ్రంగా మందలించాడు. ఆ మందులు జుట్టును పాడుచేస్తాయని కూడా హెచ్చరించాడు. అదే కాలపు అలెగ్జాండ్రియా బోధకుడు క్లెమెంట్ పురుషులను కూడా వదిలిపెట్టలేదు. నెరిసిన జుట్టు రంగు మార్చవద్దని అందరికీ చెప్పాడు. ఈ విషయంలో ఆయన మన ప్రసంగీకుల్లో కొందరికంటే న్యాయంగా ఉన్నాడని ఒప్పుకోవాలి.

మన తాతమ్మల కాలంలో కుంకుడుకాయ పులుసు, సీకాయ, మందారాకు, గుంటగలగరాకు నూనె, ఇవే తలకు మందులు. 1907లో యూజీన్ షూలర్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన తలరంగు పారిస్ క్షౌరశాలలకు చేరింది. ఆ తర్వాత ఈ రంగులు ప్రపంచమంతా పాకాయి. ఇప్పుడు పల్లెటూరి కిరాణా కొట్టులో కూడా రంగు పొట్లాలు దండలుగా వేలాడుతున్నాయి. ఒకప్పుడు చెట్టు కింద, ఇంటి అరుగు మీద జరిగిన క్షౌరం ఇప్పుడు ఏసీ సెలూన్లకు మారింది. పట్టణంలో వీధికో బ్యూటీపార్లర్ ఉంది.

ఇంతమంది ఎందుకు వేసుకుంటున్నారు? అందరిదీ అందం పిచ్చి అనేస్తే అన్యాయమవుతుంది. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే యాభై ఏళ్ల టీచరమ్మకు తెల్లజుట్టుతో వెళితే ఉద్యోగం ఉంటుందో లేదోనన్న బెంగ. ఇంటర్వ్యూకి వెళ్లే నడివయసు తండ్రికి కుర్రవాళ్ల మధ్య తాను పనికిరానివాడిలా కనబడతానేమోనన్న భయం. ముప్పై నిండకుండానే జుట్టు నెరిసిన అమ్మాయికి పెళ్లిచూపుల భయం. రంగు పొట్లం వెనకాల ఉన్నది చాలాసార్లు గర్వం కాదు, దిగులు. నెరిసిన తలకు విలువ లేదని లోకం ఒకవైపు తేల్చి చెబుతుంటే, ఆ తలను దాచుకున్నవారిని మనం ఇంకోవైపు నిందిస్తున్నాం.

ఇక్కడే లేవీయకాండము 19:32 మన కళ్లు తెరిపించాలి. తల నెరిసినవారు ఎదుటికి వస్తే లేచి నిలబడాలని, వృద్ధులను ఘనపరచాలని, అలా చేయడం దేవునికి భయపడటమేనని ధర్మశాస్త్రం చెబుతోంది. ఈ వచనంలో తల నెరిసినవారికి ఒక్క ఆజ్ఞ కూడా లేదు. రంగు వేసుకో అనీ లేదు, వేసుకోవద్దు అనీ లేదు. ఆజ్ఞ అంతా ఎదురుగా కూర్చున్నవారికే. మనం మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా, నిలబడి ఉన్న ముసలివారి తల ఏ రంగులో ఉందో చూస్తున్నాం!

మన సంఘాలను ఒకసారి పరిశీలించుకుందాం. యవ్వనస్థుల కూడికకు ఉత్సాహం ఉంది, నిధులు ఉన్నాయి. అది మంచిదే. మరి పాత కీర్తనలు పుస్తకం చూడకుండా పాడగలిగిన తల్లులకు సాక్ష్యం చెప్పే సమయం ఎంత ఇస్తున్నాం? తెర మీద పరుగెత్తే పాటల అక్షరాలు వారి కంటికి ఆనుతున్నాయా? కాపరి కావాలన్నప్పుడు ముందు వయసే అడుగుతున్నామా, జీవితం అడుగుతున్నామా? ఇశ్రాయేలీయులు కూడా ఇలాగే చేశారు. నీవు ముసలివాడివయ్యావని సమూయేలు ముఖం మీదే చెప్పి రాజును కోరుకున్నారు (1 సమూ. 8:5). అందగాడు, అందరికంటే ఎత్తరి అయిన సౌలు దొరికాడు. ఆ ఎత్తు వారిని ఎక్కడికి తీసుకెళ్లిందో మనకు తెలుసు.

అయితే తల నెరిసినంత మాత్రాన భక్తి వచ్చేసినట్టు కాదు. నీతి మార్గంలో నడిచినవారికే ఆ తెల్లదనం కిరీటమని సామెతలు 16:31 భావం. సమూయేలు తన నెరిసిన తలతో ప్రజలందరి ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరినైనా బాధపెట్టానా, లంచం తీసుకున్నానా అని అడిగాడు (1 సమూ. 12:2, 3). ఒక్కరూ వేలెత్తి చూపలేకపోయారు. సంఘ ఆస్తుల లెక్కలు చెప్పలేక తప్పించుకు తిరిగే పెద్దలు ఈ వాక్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదవాలి. తల నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా, ఆ ప్రశ్న అడగగలిగిన తలే ఎత్తుకు తిరుగుతుంది.

తలకు జరిగే అవమానం ఎలాంటిదో మన సంఘాలకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మన తాతల్లో ఎంతోమందికి ఊళ్లో క్షౌరం చేసేవారు కాదు. ఊరి పెత్తందారుల భయంతో క్షురకుడు వారి తలను ముట్టుకునేవాడు కాదు. ఒకరికొకరు వాడలోనే కత్తిరించుకున్నారు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం ఇలా సేవ నిరాకరించడాన్ని శిక్షార్హం చేసింది. అయినా కొన్ని గ్రామాల నుంచి ఇలాంటి ఫిర్యాదులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. ముట్టుకోవడానికి లోకం నిరాకరించిన తలల మీద సువార్త వచ్చి చెయ్యి ఉంచింది. అదే చెయ్యి ఈ రోజు ముసలి తలలను పక్కకు నెట్టితే, మనం పొందిన కృపను మరచిపోయినట్టే.

మరోవైపు, మన తలకు సేవ చేసే చేతులను కూడా తలచుకోవాలి. క్షౌరవృత్తినే నమ్ముకున్న నాయీబ్రాహ్మణ కుటుంబాలు కార్పొరేట్ సెలూన్ల పోటీలో నలిగిపోతున్నాయి. హైదరాబాదు సెలూన్లలో మిజోరం, నాగాలాండ్, మణిపూర్ నుంచి వచ్చి పనిచేసే యువతీయువకులు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది క్రైస్తవులు. గంటసేపు మన తల వారి చేతుల్లో పెట్టి, మీరు ఏ సంఘానికి వెళ్తున్నారమ్మా అని ఒక్క మాట అడగకుండా వచ్చేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన నివేదికలో, క్షౌరవృత్తిలో ఏళ్ల తరబడి రసాయనాల మధ్య పనిచేయడం క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలదని పేర్కొంది. ఇంట్లో సొంతానికి రంగు వాడేవారి విషయంలో మాత్రం అలా నిర్ధారించడానికి ఆధారాలు చాలవని చెప్పింది. అంటే మన సోకుకు ప్రమాదం మోస్తున్నది మనకంటే వారే ఎక్కువ. వారికి చేతి తొడుగులు ఉన్నాయో లేదో, గదిలో గాలి ఆడుతుందో లేదో చూడటం, బేరమాడకుండా న్యాయమైన కూలి ఇవ్వడం కూడా పొరుగువాణ్ణి ప్రేమించడంలో భాగమే.

వాడేవారికి కూడా ఒక మాట. చాలా రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. దురద, ముఖమంతా వాపు, ఊపిరి ఆడకపోవడం దాకా రావచ్చు. 'నల్ల గోరింటాకు' పేరుతో అమ్మేవాటిలోనూ ఇది కలిసి ఉండవచ్చు. వాడే ముందు పొట్లం మీద రాసినట్టు కొంచెం చర్మంపై రాసి 48 గంటలు చూడాలి. పడదని ఒకసారి తెలిస్తే మళ్లీ దాని జోలికి పోకూడదు. మన దేహం దేవుని ఆలయమని (1 కొరింథీ 6:19) ఎరిగినవారు నలుపు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోరు.

ఇంతకీ రంగు వేసుకోవాలా, వద్దా? అది ఎవరి మనస్సాక్షికి వారు ప్రభువు సన్నిధిలో తేల్చుకోవలసిన సంగతి. వేసుకోనివారు వేసుకున్నవారికి తీర్పు తీర్చవద్దు. వేసుకున్నవారు తెల్లజుట్టుతో వచ్చినవారిని చిన్నచూపు చూడవద్దు. కానీ నెరిసిన తలను ఘనపరచడం మాత్రం ఎవరి ఇష్టానికీ వదిలిన సంగతి కాదు, అది ఆజ్ఞ. వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు. కర్ర పట్టుకొని నడిచి వచ్చే అమ్మమ్మ గుమ్మంలో కనబడగానే మన పిల్లలు లేచి చోటివ్వాలి. పాటలు పెద్ద అక్షరాలతో అచ్చువేసి వారి చేతికివ్వాలి. మంచం పట్టి ఆరాధనకు రాలేని తాతయ్యల ఇంటికి క్షురకుణ్ణి తీసుకెళ్లి, సంఘమే డబ్బిచ్చి, జుట్టు కత్తిరించి గడ్డం చేయించవచ్చు. స్త్రీల సమాజం వారు నెలకొకసారి పెద్దమ్మల ఇళ్లకు వెళ్లి తలంటి, చిక్కు తీసి, జడ వేసి, కాసేపు ప్రార్థించి రావచ్చు. చెయ్యి తలకు తగిలి ఎన్నాళ్లయిందోనని ఎదురుచూసే పెద్దవారు మన వీధిలోనే ఉన్నారు.

పరిసయ్యుడైన సీమోను ఇంట్లో భోజనానికి కూర్చున్న ప్రభువు, వచ్చిన అతిథి తలకు ఇంత నూనె కూడా రాయలేదని అతనికి గుర్తుచేశాడు (లూకా 7:46). ఆ ఇంట్లో నూనెకు కరువై కాదు, మర్యాదకు కరువై. ఊరంతా పాపాత్మురాలని వెలివేసిన స్త్రీ మాత్రం తన తలవెంట్రుకలతో ఆయన పాదాలు తుడిచింది. ఆ వెంట్రుకలు ఏ రంగులో ఉన్నాయో లూకా రాయలేదు. ప్రభువు చూసింది ఆమె ప్రేమను.

తల నెరిసేవరకు తన ప్రజలను ఎత్తుకుంటానని మాట ఇచ్చిన దేవుడు మనవాడు (యెషయా 46:4). ఆయన ఎత్తుకున్న తలలను దించివేసే సంఘంగా మనం మిగిలిపోకూడదు. మన ముంగిట్లోకి వచ్చిన ప్రతి నెరిసిన తలకూ లేచి చోటు చూపే మనసు ప్రభువు మనకు దయచేయును గాక!