ప్రమాణమా, ముద్రయా?

అమరావతి రాజధాని ప్రాంతపు రైతులకు కాగితము విలువ యొకరు చెప్పవలసిన పనిలేదు. 2015లో 29 గ్రామములవారు 33 వేల ఎకరములకు మించిన భూమిని సమీకరణ పద్ధతిని అప్పగించినపుడు వారి చేతికి ముందుగా వచ్చినది కాగితమే. పాసుపుస్తకము, అడంగలు, వారసత్వ పత్రము, వీని నకళ్లు చంకనిడుకొని ఆఫీసుల మెట్లెక్కుట నాటినుండి ఎందరికో వ్యవసాయమునకు మారుగా వచ్చిన పనియైనది.

నకలుపై సంతకము వేరు, అఫిడవిటుపై ప్రమాణము వేరు. మన ఆఫీసులు ఈ రెంటిని కలగలిపి రెంటిని చెరచినవి. ప్రభుత్వ దస్తావేజు నకలును, దానిని చూడ హక్కుగలవాడు కోరినపుడు, ఆ దస్తావేజును స్వాధీనమునందుంచుకొన్న అధికారియే రుసుము పుచ్చుకొని, అడుగున ధ్రువీకరణము వ్రాసి, తేదీ, పేరు, హోదా వేసి యీయవలెను. 1872 నాటి సాక్ష్యచట్టము ఈ మాట చెప్పెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున నడచుచున్న భారతీయ సాక్ష్య అధినియమమును ఇదే చెప్పుచున్నది. ఇందు చిక్కులేదు. చిక్కంతయు మామూలు జెరాక్సు నకళ్లతోనే. రైతు స్వయముగా సంతకముచేసిన నకలును అంగీకరించి, మూలపత్రమును చివర చూచుకొనుడని కేంద్రప్రభుత్వము 2013లోనే తన శాఖలకును రాష్ట్రములకును సూచించెను. అయినను గెజిటెడు అధికారి ఆకుపచ్చసిరా లేనిదే కాగితము ముట్టని గుమాస్తాలు ఇంకను కలరు. మూలపత్రము రైతు సంచిలోనే యున్నది. ఒక్కసారి చూచిన పని తీరును. చూడడు! ఎదుట నిలిచిన రైతును నమ్మక, ఆ రైతు నెన్నడు నెరుగని మరియొకని సంతకమును నమ్మును.

ఇక ప్రమాణము మాట. 1873 నాటి చట్టములో నొక విశేషముండెను. ప్రతివాది అమరేశ్వరుని సన్నిధిని ప్రమాణము చేసినయెడల దానికి కట్టుబడుదునని వాది ఒప్పుకొన్నాడనుకొందము. ప్రతివాది అట్లు చేసి చెప్పిన సాక్ష్యము వాదిపై తిరుగులేని రుజువగును. 1969 చట్టము ఆ పద్ధతిని విడిచిపెట్టెను. దానిని మరల తెమ్మని మేము కోరము; దైవభీతికి వ్యాజ్యమును వదలుట న్యాయస్థానపు పని కాదు. కాని నాడు ప్రమాణము చేసినవానికి తాను చేయుచున్నదేమో తెలిసియుండెను.

నేడు ఇంగ్లీషులో టైపైన అఫిడవిటుపై వ్రేలిముద్ర వేయించి పంపెడి చోట్లు లేకపోలేదు. సంతకముదారు ఎదుట లేకయే ముద్ర పడుటయు వినుచున్నాము. మేమును న్యాయవాద వృత్తిలోనివారమే. మా తోటివారికి కటువుగా తోచినను చెప్పక తప్పదు. స్వరాజ్యము వచ్చిన పిదప గూడ కొంతకాలము మన నోటరీలను నియమించినవాడు ఇంగ్లండున కాంటర్బరీ ఆర్చిబిషప్పునకు లోబడిన యొక అధికారి! ఆ చిన్నతనమును బాపుటకే 1952లో నోటరీల చట్టము చేసికొన్నాము. ముద్ర మనదైనది గాని, ముద్రవేయుటకు ముందు మనిషిని చూచి మాటాడు శ్రద్ధ అంతటను అలవడలేదు.

దీని ఫలము అనుభవించువాడు రైతు. అబద్ధపు సాక్ష్యమునకు కోర్టు వ్యవహారమున ఏడేండ్లవరకు, ఇతరత్ర మూడేండ్లవరకు శిక్ష గలదు. తనకు రాని భాషలో తన పేరిట వ్రాసిన దానికి అతడు జవాబుదారి! చదువురానివాడు అఫిడవిటిచ్చునపుడు దానిని అతని భాషలో వినిపించితిమనియు, అతడు గ్రహించెననియు ప్రమాణము చేయించినవాడు వ్రాయవలెనని సివిలు కోర్టుల నియమములే చెప్పుచున్నవి. ఆ వాక్యమును గూడ ముందే టైపుచేసియుంచుట మన తెలివి.

అఫిడవిట్లు తెలుగున వ్రాయబడవలెను. రుసుముల పట్టికను లోపల వెలుపల కనబడునట్లు నోటరీ వ్రేలాడదీయవలెనను నిబంధనను అధికారులు పోయి పరీక్షింపవలెను. అంతవరకు తుళ్లూరు, మంగళగిరి పఠనమందిరములలోని చదువరులు సాయంకాలమొక గంట కూర్చుండి, సంతకమునకు ముందే ఆ కాగితములను రైతులకు చదివి చెప్పగలరు. వచ్చు వారమునుండియే ఈ పని మొదలిడుడని కోరుచున్నాము.