పురుగు తల కనబడని మాక్రో కెమెరా మనకెందుకు?

ఫోన్ రివ్యూలో కెమెరా శాంపిల్స్ అనగానే ఏం గుర్తొస్తాయి? కాఫీ కప్పు, సాయంత్రం ఆకాశం, ఫ్రెండ్ పోర్ట్రెయిట్. మాక్రో అంటే ఒక మందార పువ్వు. నేనూ అవే చూసి ఫోన్ కొన్నాను. ఆ ఫోన్‌తో మా మక్క చేనులో ఒక పురుగు ఫొటో తీయాల్సి వచ్చినప్పుడు కానీ, నేను చూసిన శాంపిల్స్ ఎంత పనికిరానివో అర్థం కాలేదు.

మాది రెంజల్, బోధన్ పక్కన మండలం. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి మా మండలంలోనే ఉంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా చెరకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయాక వరి, సోయా, మక్క, పసుపు మీదే ఎక్కువమంది బతుకు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తాను. ఇంట్లో నాకున్న బిరుదు 'ఫోన్ల డాక్టర్'. నిరుడు సంక్రాంతికి ఇంటికి వెళ్తే ఆ బిరుదు పరువు మొత్తం పోయింది.

అసలు ఏం జరిగిందంటే

యాసంగి మక్క అప్పటికి మోకాలెత్తు ఉంది. ఆకులకి చిల్లులు, సుడిలో పురుగు. నేను వెంటనే ఫోన్ తీసి మాక్రో బటన్ నొక్కి నాలుగు ఫొటోలు కొట్టాను. పురుగుల్ని గుర్తుపట్టే ఒక యాప్‌లో వేస్తే, కాండం తొలిచే పురుగు అని టక్కున చెప్పింది. పక్కన ఆకుపచ్చ టిక్ మార్క్ కూడా.

బాపు మాత్రం ఒప్పుకోలేదు. "గిది పాత పురుగు కాదురా. దీని పెంట సూడు, రంపపు పొట్టు లెక్క ఎట్ల పడ్డదో."

"యాప్ చెప్తుంది గదా బాపూ."

"సరే తియ్, సదువుకున్నోనివి. నువ్వు జెప్పినట్టే జేద్దాం."

మందు షాపుకి వెళ్లి, కాండం తొలిచే పురుగుకి వేసే గుళికలు తెచ్చి, కూలీలతో సుడుల్లో వేయించాం. వారం దాటినా తేడా లేదు. ఆకులు ఇంకా చిరిగిపోయాయి. ఈసారి మాక్రో వదిలేసి, మెయిన్ కెమెరా 2ఎక్స్‌లో పెట్టి, తెల్లవారి వెలుతురులో ఓపికగా తీశాను. జూమ్ చేస్తే తల మీద తిరగేసిన ఇంగ్లిష్ వై అక్షరం, తోక దగ్గర చతురస్రంలా నాలుగు నల్ల చుక్కలు. అది కత్తెర పురుగు.

రెండెకరాలకి మందు, కూలీ మళ్లీ మొదటి నుంచి. డబ్బు ఒక ఎత్తు. బాపు కళ్లు సరిగ్గా చెప్పినదాన్ని నేను ఒక మసక ఫొటోతో కొట్టిపారేశాను చూడండి, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తేడా ఎందుకంత ముఖ్యం

కత్తెర పురుగు మన పురుగు కాదు. అమెరికా ఖండాల నుంచి 2016లో ఆఫ్రికాకి, 2018లో మన దేశానికి వచ్చింది. ముందుగా కనబడింది కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మక్కలో. అదే ఏడాది తెలంగాణ చేలలోకీ దిగింది. ఒక్కో ఆడ రెక్కల పురుగు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలి, సుడి లోపలికి దూరాక మందు వాటిదాకా చేరడం కష్టం. అంటే తప్పు గుర్తింపుతో పోయిన వారం రోజులే అసలు నష్టం.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. అదే చేనులో పేనుబంక పట్టిన ఆకుల మీద నల్లగా, నారింజ మచ్చలతో, ముళ్లు ముళ్లుగా ఒక పురుగు కనిపించింది. చూడ్డానికి భయంకరంగా ఉంది, చంపేద్దాం అన్నాను. ఈసారి యాప్ నిజమే చెప్పింది. అది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకని తిని బతుకుతుంది, అంటే మన ఫ్రీ లేబర్. వరిలో మిరిడ్ నల్లి కూడా అంతే, దోమపోటు తెచ్చే దోమ గుడ్లని తింటుంది. ఫొటో సరిగ్గా లేకపోతే మన మనుషుల్నే మనం చంపుకుంటాం.

కాబట్టి యాప్‌లు వేస్ట్ అని నేను అనట్లేదు. చెడ్డ ఫొటోకి కూడా గట్టిగా జవాబు చెప్పడమే వాటితో సమస్య.

2 మెగాపిక్సెల్ మాక్రో అనే మోసం

బడ్జెట్ ఫోన్లలో 2019 నుంచి ఈ జబ్బు పట్టుకుంది. వెనక నాలుగు కెమెరాలు అని చెప్పుకోవడానికి ఒక 2 మెగాపిక్సెల్ మాక్రో అతికిస్తారు. 2 మెగాపిక్సెల్ అంటే 1600×1200. నిజానికి పురుగు తల నింపడానికి ఆ పిక్సెల్స్ సరిపోతాయి. దెబ్బ వేరే చోట ఉంది.

వీటిలో చాలావాటికి ఆటోఫోకస్ ఉండదు. ఫోకస్ దాదాపు 4 సెంటీమీటర్ల దగ్గర బిగించేసి ఉంటుంది. గాలికి మక్క ఆకు అర సెంటీమీటరు ఊగితే ఫొటో పోయినట్టే. అంత దగ్గరికి వెళ్తే ఫోన్ నీడ పురుగు మీదే పడుతుంది. సెన్సార్ చిన్నది కాబట్టి నీడలో గింజలు గింజలుగా వస్తుంది. ఆ గింజల్ని సాఫ్ట్‌వేర్ నున్నగా చేసి, మళ్లీ షార్ప్ చేస్తుంది. పురుగు వెంట్రుకలు, గీతలు అన్నీ వాటర్ కలర్ బొమ్మలా కలిసిపోతాయి. గుర్తుపట్టే మోడల్‌కి చేరేది ఆ బొమ్మే, ఇక అది మాత్రం ఏం చేస్తుంది?

ఖరీదైన ఫోన్లలో పద్ధతి వేరు. ఐఫోన్ 13 ప్రో నుంచి అల్ట్రావైడ్‌కే ఆటోఫోకస్ ఇచ్చి 2 సెంటీమీటర్ల దాకా తీసుకెళ్లారు. క్వాలిటీ బాగుంటుంది, కానీ నీడ సమస్య అలాగే ఉంటుంది, ఎగిరే పురుగైతే పారిపోతుంది. నా ఉద్దేశంలో పొలానికి సరైనది టెలీ మాక్రో. షావోమీ 14లో టెలీ కెమెరా 10 సెంటీమీటర్ల నుంచే ఫోకస్ చేస్తుంది. దూరంగా ఉండి పెద్దగా తీయొచ్చు.

"రైతుకి అంత ఫోన్ ఎందుకు?" అంటారేమో. అక్కర్లేదు. 12 వేల ఫోన్‌లో కూడా 50 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా ఉంటోంది. ఆ మాక్రో కెమెరా ఖర్చు తీసేసి, మెయిన్ కెమెరా ఇంకాస్త దగ్గర్లో ఫోకస్ అయ్యేలా చేస్తే చాలు.

ఉన్న ఫోన్‌తోనే ఇలా తీయండి

మాక్రో బటన్ మర్చిపోండి. మెయిన్ కెమెరా 2ఎక్స్‌లో పెట్టి, జానెడు దూరం నుంచి మెల్లగా దగ్గరికి వెళ్లండి. ఫోకస్ తప్పే చోట ఆగి ఒక అంగుళం వెనక్కి రండి. ఏఐ సీన్, బ్యూటీ లాంటివి ఆఫ్ చేయండి. వీలైతే రెండో మనిషిని ఆకు పట్టుకోమనండి.

పొద్దున్నే వెళ్లండి. చల్లదనానికి పురుగులు మందకొడిగా ఉంటాయి, వెలుతురు కూడా మెత్తగా ఉంటుంది. కత్తెర పురుగు ఎండెక్కితే సుడిలోకి పోతుంది.

ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తల ఒకటి, అది చేసిన చిల్లు, పెంట ఒకటి. పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది. దోమపోటు అయితే వరి దుబ్బు మొదట్లో, నీళ్లకి కాస్త పైన చూడాలి. పైనుంచి తీస్తే పచ్చటి ఆకులే వస్తాయి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. యాప్ చెప్పిన పేరుని జవాబు అనుకోవద్దు, ప్రశ్న అనుకోండి. కేంద్రం 2024 ఆగస్టులో తెచ్చిన జాతీయ చీడల నిఘా యాప్ అయినా, తెలుగులో దొరికే ప్లాంటిక్స్ అయినా, ఇదే రూల్. అదే ఫొటో రైతు వేదికలో ఏఈఓకి చూపించండి. మా వైపు వాళ్లకైతే బోధన్ దాటితే రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఎక్కడివాళ్లైనా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మనం కూడా ఒక పని చేయాలి

తొలకరికి మా దగ్గర ఎర్ర మఖమల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగులు వస్తాయి. ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి అవి అసలు కీటకాలే కాదు, సాలీళ్ల వైపు చుట్టాలు. ఇలాంటివి మన ఊరి నుంచి ఎంతమంది ఫొటో తీసి ఐనాచురలిస్ట్ లాంటి చోట పెడుతున్నారు? అక్కడ మెషిన్ చెప్పిన పేరుతో పని అయిపోదు, మనుషులు చూసి ఒప్పుకోవాలి. మన చేలలోని ఫొటోలు ఎంత ఎక్కువ చేరితే రేపటి యాప్ మన పురుగుల్ని అంత బాగా గుర్తుపడుతుంది. చేను ఎక్కడుందో తెలియకూడదనుకుంటే లొకేషన్ దాచే ఆప్షన్ కూడా ఉంది.

యాప్ చేసేవాళ్లకి ఒకటే మాట. నమ్మకం తక్కువగా ఉన్నప్పుడు ఆ టిక్ మార్క్ తీసేసి, "ఇది కావచ్చు, లేదా ఇది కావచ్చు, తల ఇంకోసారి తీయండి" అని తెలుగులో అడగండి. కోడ్ రాసేవాడిగా చెప్తున్నా, అది పెద్ద పని కాదు. రివ్యూలు రాసే మనం కూడా మందార పువ్వు మానేసి, ఒక పురుగు తల తీసి చూపిద్దాం.

మొన్న మీటింగ్‌లో ఉండగా బాపు నుంచి వాట్సాప్ వచ్చింది. నాలుగు ఫొటోలు, డాక్యుమెంట్‌గా, పక్కన రూపాయి బిళ్ళతో. కింద వాయిస్ మెసేజ్: "నాకైతే మొగి పురుగు లెక్క కొడుతున్నది. నీ ఫోన్ ఏమంటదో అడుగు."

ఈసారి ముందు బాపు మాట విన్నాను, తర్వాతే యాప్ తెరిచాను.