దమస్కు కోసం మనం ఏమని ప్రార్థిస్తున్నాం?



2024 డిసెంబరు 8న సిరియా అధ్యక్షుడు బషర్ అల్ అసద్ మాస్కోకి పారిపోయాడు. 1970లో అతని తండ్రి చేజిక్కించుకున్న అధికారం పన్నెండు రోజుల పోరాటంతో కూలిపోయింది. ఆ వారం మన వాట్సాప్ గ్రూపులో యెషయా 17వ అధ్యాయం చూపించి, "దమస్కు పని అయిపోయింది, రాకడ దగ్గరపడింది" అనే సందేశం మళ్ళీ మళ్ళీ తిరిగింది. కొందరు కింద "స్తోత్రం" అని పెట్టారు. దాన్ని ముందుగా పంపినవారిలో మేమూ ఉన్నాం. అందుకే ఈ మాట రాస్తున్నాం.

రాకడను మేము నమ్ముతున్నాం. కానీ ఆ అధ్యాయాన్ని చదివేటప్పుడు 2 రాజులు 16:9 కూడా చదవాలి. క్రీ.పూ. 732లో అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు దమస్కును పట్టుకుని జనాన్ని చెరగొనిపోయాడు. 2024 డిసెంబరులో మాత్రం ఆ నగరం పెద్దగా యుద్ధం లేకుండానే చేతులు మారింది. జనం అక్కడే ఉన్నారు.

వాళ్ళు పడిన బాధ మనకు తెలుసా? 2011 మార్చిలో దరా పట్టణంలో గోడ మీద ప్రభుత్వానికి వ్యతిరేకంగా రాసిన పిల్లల్ని పట్టుకెళ్ళి కొట్టారు. వాళ్ళ కోసం జనం వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం కాల్పులు జరిపింది. అది యుద్ధమైంది. మధ్యధరా సముద్రం ఒడ్డున, ఇరాక్, టర్కీ, ఇశ్రాయేలు, లెబనానుల నడుమ ఉన్న దేశం కాబట్టి రష్యా, ఇరాన్, టర్కీ, అమెరికా తలా ఒక వైపు దిగాయి. మొదటి పదేళ్ళలోనే 3 లక్షలకు పైగా పౌరులు చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు.

పాలన మారినా కన్నీళ్ళు ఆగలేదు. 2025 మార్చిలో అలవీలను, జులైలో డ్రూజులను చంపారు. జూన్ 22, ఆదివారం, దమస్కులోని మార్ ఎలియాస్ చర్చిలో ఆరాధన జరుగుతుండగా ఆత్మాహుతి దాడిలో 25 మంది చనిపోయారు. "చూశారా అయ్యగారూ, వాళ్ళంతా అంతే" అని ఒక సహోదరుడు మాతో అన్నాడు.

మరునాటి రాత్రి ఇరాన్ ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద క్షిపణులు వేసింది. మన సంఘంలోని ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. "అయ్యగారూ, మావోడు ఫోన్ ఎత్తట్లేదు, ప్రార్థన చేయండి" అంది. ఆ రాత్రి ఆమె మమ్మల్ని ప్రవచనానికి అర్థం అడగలేదు. కొడుకు బతికుంటే చాలంది. తెల్లవారి అబ్బాయి ఫోన్ చేశాడు. దమస్కులోని ముస్లిం తల్లి అడిగేది కూడా అదే కదా!

ప్రియులారా, అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం తెరవండి. సౌలు ఎందుకొచ్చాడో అననీయకు బాగా తెలుసు. అతని భయం ఉత్త భయం కాదు. అయినా ప్రభువు వెళ్ళమన్నాడు గనుక లేచి తిన్నని వీధికి వెళ్ళాడు, చంపడానికి వచ్చినవాడి మీద చేతులుంచి సహోదరుడని పిలిచాడు. ఆ వీధి దమస్కులో నేటికీ ఉంది.

చర్చిలో బాంబు పెట్టినవాడి నేరం నేరమే. దాన్ని చిన్నది చేయకూడదు. ఆ నేరాన్ని ఒక జనం మొత్తానికి అంటగట్టడమే తప్పు. కొద్దిమందిగా బతుకుతూ, ఎవరో చేసినదానికి మాట పడటం ఎలా ఉంటుందో మనకు తెలియదా?

కాబట్టి ఈ ఆదివారం మార్ ఎలియాస్ కుటుంబాల కోసం, అలవీల, డ్రూజుల కోసం, ఇళ్ళకు తిరిగొస్తున్న శరణార్థుల కోసం ప్రార్థిద్దాం. కొత్త పాలకులు అందరికీ న్యాయం చేయాలని అడుగుదాం. ఇక అలాంటి సందేశం వస్తే, పంపేముందు ఒక్కసారి మోకరించండి. మోకరించి ప్రార్థించిన జనం నాశనం మీద "స్తోత్రం" అని పెట్టలేం.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.