ద్రవంలో చారలు!

కాలిక్యులేటర్‌లో అంకెలు చూపించేది ద్రవ స్ఫటికం. నీటిలా పారుతూనే, స్ఫటికంలోలా అణువులన్నీ ఒకే దిశకు తిరిగి ఉండే పదార్థం ఇది. 1962లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థ శాస్త్రవేత్త రిచర్డ్ విలియమ్స్ దీన్ని వేడిచేసి, రెండు గాజుపలకల మధ్య పల్చగా నింపి విద్యుత్తు పంపారు. మైక్రోస్కోపులో చూస్తే... వరసగా చారలు! ద్రవంలోని అయాన్లు కదులుతూ దాన్ని సుడులు తిప్పుతాయి. ఆ సుడుల వరసే మన కంటికి చారలు. వోల్టేజి ఇంకా పెంచితే చారలు చెదిరిపోయి ద్రవం పాలలా తెల్లబడుతుంది. కరెంటు తీసేస్తే మళ్లీ తేటపడుతుంది. ఈ తెలుపుతోనే అంకెలు రాయొచ్చని జార్జ్ హీల్‌మేయర్ బృందం 1968లో ఎల్‌సీడీని ప్రపంచానికి చూపించింది. ఇప్పటి తెరలకు ఆ సుడులతో పనిలేదు. కానీ, ఆ చారల వెంట వెళ్లబట్టే తెర దొరికింది మరి!