మడ అడవి లోపలికి జరగడానికి చోటు మిగలాలి

ఆంధ్రప్రదేశ్ ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి గారికి,

కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిని తట్టుకుని పెరిగే మడ అడవులు, 1989లో ప్రకటితమైన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో, చేపలు పట్టి బతికే బావురుపిల్లికి ఆశ్రయమిస్తున్నాయి. వాతావరణ మార్పు వల్ల సముద్రమట్టం పెరిగేకొద్దీ మడ మొక్కలు ఎగువ నేలలో మొలకెత్తి అడవి క్రమంగా లోపలికి జరగడం, దాని వెంట జంతువులూ తరలడం ప్రకృతిసిద్ధమైన సర్దుబాటు. అయితే అడవి నరికి తవ్విన రొయ్యల చెరువుల గట్లు ఆ దారిని మూసివేస్తే, కడలికీ గట్టుకూ నడుమ అడవి ఇరుకై నశిస్తుంది, 1977 నవంబరు ఉప్పెనను చవిచూసిన, ఈ తీరంలోనే ఉన్న దివిసీమకు అడవి ఇచ్చే రక్షణా సన్నగిల్లుతుంది.

కనుక అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూముల్లో కొత్త చెరువులను అనుమతించరాదనీ, వదిలేసిన చెరువుల గట్లు తెంచి ఆటుపోట్ల నీటిని రానిచ్చి మడను పునరుద్ధరించాలనీ పౌరులు సవినయంగా కోరుతున్నారు.

ఇట్లు,
గన్నవరం ప్రాంత పౌరులు