మెహమాన్లకు మన గల్లీలూ చూపించండి

విశాఖకు క్రూయిజ్ ఓడలు రావడం నాకు ఖుషీయే. బొగ్గూ, ఖనిజమూ చూసి చూసి అలసిన రేవులో మనుషులు దిగుతున్నారు. 2022లో చెన్నై నుంచి కార్డీలియా ఎంప్రెస్ వచ్చింది. 2023 సెప్టెంబరులో దాదాపు 96 కోట్లతో కట్టిన టెర్మినల్ తెరిచారు. బాగుంది. మరి దిగిన మెహమాన్లను ఎటు తీసుకెళ్తున్నాం? ఆర్కే బీచ్, కైలాసగిరి, టైముంటే బొర్రా గుహలు, అరకు. రేవును ఆనుకునే ఉన్న పాతనగరం ఎవరికీ యాద్ రాదు.

రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరుడు, ఒకదానిపై మేరీమాత, ఇంకోదానిపై ఇస్‌హాఖ్ మదీనా బాబా దర్గా. ఒకప్పుడు ఇటు వచ్చే పోయే ఓడలు జెండాను మూడుసార్లు ఎత్తి దించి బాబాకు సలాం చేసేవని బ్రిటిష్ కాలపు జిల్లా గెజిటీరే చెబుతుంది. ఓడలే సలాం చేసిన చోటికి ఓడల్లో వచ్చినవాళ్లను తీసుకెళ్లకపోవడం ఏం తహజీబ్?

గల్లీలు ఇరుకు, బొగ్గు దుమ్ము, మురుగు అంటారు. అయితే సాఫ్ చేయండి! మెహమాన్ల కోసం కాదు, ఏళ్లుగా ఆ దుమ్ము పీలుస్తున్న ఘర్‌వాలాల కోసం. (పరదాలు కట్టి దాచే పని మాత్రం వద్దు.)

డిగ్రీ చేసి, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ మాట్లాడే పిల్లలు మనిళ్లలో ఖాళీగా ఉన్నారు. గైడ్ ట్రైనింగ్ ఇప్పిస్తే మూడు కొండలూ వాళ్లే తిప్పి చూపిస్తారు, చాయ్, సమోసాల డబ్బులైనా మొహల్లాలో పడతాయి. జమాత్ పెద్దలూ, మూడు కొండల పెద్దలూ కలిసి టూరిజం దఫ్తరుకు ఒక దరఖాస్తు పెట్టండి. వచ్చే సీజన్ ఓడ రాకముందే.