వెలికి విచ్చిన కొమ్ములు

మా పాఠశాలకు సైకిళ్లపై వచ్చు విద్యార్థులు పెక్కురు గలరు. వారిలో పెద్ద తరగతులవారు ఐరోపాఖండమున జరుగు సైకిలు పందెములను ఆసక్తితో గమనించుచు, ఇటీవల మమ్ము నొక ప్రశ్న తరచుగా అడుగుచున్నారు. కంకర బాటలకై చేయబడిన హాండిలును, అనగా క్రిందికి దిగుకొలది రెండు ప్రక్కలకు విచ్చుకొను హాండిలును, నున్నని తారు బాటమీది పందెములలో వాడుట తగునా, తగదా? ప్రశ్న చిన్నదే. అయినను దీనియందు గాలి, తులాదండము, న్యాయము అను మూడు విషయములు ఇమిడియున్నవి. కావున మా యభిప్రాయమును ఈ సంచికయందు చదువరులకు విన్నవించుచున్నాము.

మొదట ఆ వస్తువు ఎట్టిదో చెప్పవలయును. పందెపు సైకిలు హాండిలు పొట్టేలు కొమ్ములవలె ముందునకు సాగి, క్రిందికి వంగి, వెనుకకు తిరుగును. దానిని మూడు చోట్ల పట్టుకొనవచ్చును: పైనున్న అడ్డకడ్డీ, ముందున్న బ్రేకు పిడులు, క్రిందనున్న కొమ్ములు. మామూలు హాండిలునందు పిడుల నడిమి వెడల్పును కొమ్ముల నడిమి వెడల్పును ఇంచుమించు సమానము. విచ్చిన హాండిలునందన్ననో పిడులు దగ్గరగాను కొమ్ములు దూరముగాను ఉండును. ఈ విచ్చును కొందరు కొద్దిపాటి డిగ్రీలతో సరిపెట్టుదురు. మరికొందరు ఇరువది డిగ్రీలకు మించియు పోనిత్తురు.

ఇది నిన్నటి వింత కాదు. ఫ్రాన్సు దేశమున దూరప్రయాణములు చేయు సైకిలువారు వెనుకటి శతాబ్దపు నడిమి కాలముననే ఇట్టి హాండిళ్లను వాడిరి. అమెరికాలోని కాలిఫోర్నియా కొండబాటలయందు చార్లీ కన్నింగ్‌హాము అను నిపుణుడు క్రింది కొమ్ములను వెలికి విచ్చి, రాళ్లదారిలో సైకిలు అదుపు తప్పకుండునట్లు చేసెను. ఆ వెనుక కంకర బాటల పందెములు ప్రబలెను. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున 2006లో ఆరంభమైన పందెమొకటి నేడు లోకప్రసిద్ధము. 2022లో ఇటలీ దేశమున కంకర బాటల ప్రపంచ పోటీ మొదటిసారిగా జరిగెను. ఈ పందెములతోపాటు విచ్చిన హాండిలును వ్యాపించెను.

కంకర మీద దీని ప్రయోజనము సుబోధము. చేతులు ఎంత దూరముగా నున్న, చక్రమును త్రిప్పుటకు వలయు బలము అంత తగ్గును. తొమ్మిదవ తరగతి విద్యార్థి తులాదండపు పాఠములో చదివినది ఇదియే. రాయి తగిలి ముందుచక్రము ప్రక్కకు తొలగినపుడు, దూరముగానున్న చేయి దానిని సులభముగా నిలువరింపగలదు.

మరి తారు బాటపై నేమి ప్రయోజనమని యడుగవచ్చును. అచట శత్రువు రాయి కాదు, గాలి. చదునైన బాటపై గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవువాని శ్రమలో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. వేగము రెట్టింపైన గాలి యడ్డు నాలుగింతలును, దానిని జయించుటకు వలయు శక్తి ఎనిమిదింతలును అగును. ఆ గాలికి ముఖ్యముగా అడ్డుపడునది సైకిలు కాదు, ఎక్కినవాని శరీరము. చేతులను దగ్గరకు చేర్చి భుజములు ముడిచినచో గాలికెదురగు వైశాల్యము తగ్గును. అందుచేత పందెగాండ్రు ఏటేట హాండిలును ఇరుకుచేయుచు, పిడులను సయితము లోపలికి త్రిప్పసాగిరి. ఇరుకు ముదిరినకొలది అదుపు తగ్గును. గుంపులో నొకడు పడిన వెనుకనున్న పదిమంది పడుదురు.

అంతర్జాతీయ సైకిలు సమాఖ్యవారు దీనిని అరికట్టబూనిరి. 2021లో ముంజేతులను హాండిలుపై ఆనించి పోవుటను నిషేధించిరి. 2024 నుండి పిడులను లోపలికి త్రిప్పుటకు హద్దు విధించిరి. పిమ్మట 2025లో, 2026 జనవరి 1వ తేదీనుండి చెల్లునట్లు, బాట పందెములలో హాండిలు వెలుపలి అంచునుండి వెలుపలి అంచునకు 400 మిల్లీమీటర్లకు తక్కువ కారాదని శాసించిరి. పిడుల లోపలి అంచుల నడుమ 320 మిల్లీమీటర్లుండవలెనని మొదట చెప్పి, ఆక్షేపణలు రాగా దానిని 280కి తగ్గించిరి. విచ్చునకును ఒక మితి నేర్పరచిరి.

ఇచట విద్యార్థులు పలక తీసికొని చిన్న లెక్క వేయుదురు గాక. కొమ్ము గొట్టపు మందము సుమారు 24 మిల్లీమీటర్లు. వెలుపలి వెడల్పు 400 అయినచో, రెండు మందములు తీసివేయగా లోపలి వెడల్పు 352. పిడుల నడుమ 280 చాలును. తేడా 72, ఒక్కొక్క ప్రక్కకు 36. అనగా కొమ్ములు ఒక్కొక్క ప్రక్క 36 మిల్లీమీటర్లు విచ్చినచో, క్రింద నియమమునకు సరిపడు వెడల్పును, పైన సన్నని భుజములకు సరిపడు ఇరుకును ఒకే హాండిలునందు లభించును. ఈ విచ్చు సమాఖ్యవారి మితికి లోబడియే యున్నది.

కావున మా మొదటి యభిప్రాయమిది: విచ్చిన హాండిలు తారు బాటకు పరాయిది కాదు. నేటి నియమముల క్రింద సన్నని భుజములవారికి దిక్కు అదియే. చదునున పోవునపుడు పిడులు పట్టి ఇరుకుగా నుండవచ్చును. ఏటవాలున దిగునపుడు కొమ్ములు పట్టి నిబ్బరముగా నుండవచ్చును. ఫ్రాన్సులో 1896 నుండి జరుగుచున్న పారిసు - రూబే పందెమువంటి రాతిపలకల బాటలపై ఈ రెండవ గుణము మరింత అక్కరకు వచ్చును.

రెండవ యభిప్రాయము నియమమును గూర్చినది. క్షేమముకొరకు హద్దు పెట్టుట మెచ్చదగినదే. కాని అందరికి ఒకే కొలత యనుట న్యాయము కాదు. కొమ్ముల నడిమినుండి నడిమికి 360 మిల్లీమీటర్ల హాండిలు, వెలుపలి కొలతలో 384 మాత్రమే యగును, కావున నిషిద్ధము. అట్టి హాండిలు గాలిని మోసగించుటకై కాక, తమ భుజముల కొలతకు సరిపోవుటచేతనే వాడుచుండిన స్త్రీలు పెక్కురు. వారు ఈ నియమమును గూర్చి మొఱపెట్టిరి. పొడగరియైన పురుషుని దురాశను అరికట్టబోయి, పొట్టిదగు స్త్రీ చేతులను బలవంతముగా చాపించుట తగునా? ఆరవ తరగతి బాలికను పదవ తరగతి బల్లపై కూర్చుండబెట్టి, కాళ్లు నేలనానలేదని గద్దించుట వంటిది గదా ఇది. పిడుల కొలతను తగ్గించి సమాఖ్యవారు సగము దారి నడచిరి. హాండిలు వెడల్పును భుజముల కొలతనుబట్టి నిర్ణయించినచో తక్కిన సగమును నడచినవారగుదురు. అంతవరకు విచ్చిన హాండిలు ఒక ఊరట మాత్రమే. న్యాయమునకు బదులు కాజాలదు.

ఇక దీని లోపములను దాచుట మా పద్ధతి కాదు. కొమ్ములు మిక్కిలి విచ్చినచో బ్రేకు మీటలును వాలిపోవును. క్రిందినుండి వ్రేళ్లు వానిని అందుకొను తీరు మారును. గమ్యము చేరువలో కొమ్ములు పట్టి లేచి తొక్కునపుడు మణికట్టు కొత్త కోణమున వంగును. గుంపులో వెడల్పైన కొమ్ము ప్రక్కవాని హాండిలుకు తగులుకొనవచ్చును. అందుచేత తారు బాటకు కొద్దిపాటి విచ్చే మేలు; ఇరువది డిగ్రీలది కంకరకే విడువవలెను.

తుదకు మా విద్యార్థులకొక మాట. పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్నట్లు, విజేతల చిత్రములు చూచి మీ సైకిలు పిడులను లోపలికి త్రిప్పకుడు. ముంజేతులు హాండిలుపై ఆనించి సంత రోజున బజారులో పోకుడు. హాండిలు కొనునపుడు విజేత పేరు అడుగక, మీ భుజముల ఎముకల నడిమి దూరమును టేపుతో కొలిపించుకొనుడు. క్రొత్త హాండిలు బిగించిన పిమ్మట, ఆటస్థలమున మెల్లగా త్రొక్కుచు, రెండు చేతులును బ్రేకులకు చక్కగా అందుచున్నవేమో పరీక్షించి గాని బాటకెక్కకుడు. తల్లిదండ్రులును, బిడ్డ ఎదుగుచున్నాడని పెద్ద చొక్కా కొన్నట్లు పెద్ద హాండిలు కొనకుందురు గాక. చొక్కా వదులైన నవ్వుదురు. హాండిలు అందకున్న పడుదురు.